ఊది చూడని గ్లౌజు

యశ్వంతనగర్ దాటాక ఇనుప రాయిని పిండి కొట్టే ఫ్యాక్టరీ ఒకటుంది. దాని స్టోర్‌లో పంపన్న పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు. కిటికీ లేని రేకుల గది. ఎంత ఊడ్చినా నేల ఎర్రగానే ఉండేది.

ఎవరు ఏ పనికి పోతున్నారో అడిగి, దానికి తగిన గ్లౌజులు తీసివ్వడం అతని బాధ్యత. వెల్డింగుకు మందపాటి తోలువి, బ్యాటరీ యాసిడ్‌కు మోచేతుల దాకా వచ్చేవి. తిరిగే బెల్టు దగ్గరికి పోయేవాడికి మాత్రం ఏవీ ఇచ్చేవాడు కాదు. గుడ్డ చిక్కుకుంటే చెయ్యి కూడా పోతుందని అతని భయం. కరెంటు పనికి రబ్బరువి వేరే ఉండేవి. ఇచ్చే ముందు ప్రతిసారీ వాటిలో గాలి నింపి, అంచు బిగించి, చెంపకు ఆనించి చూడాలి. సూది మొనంత బొక్క ఉన్నా చెంపకు చల్లగా తగులుతుంది.

శ్రావణంలో ఒక రోజు పంపన్న అలా చూడలేదు.

ఆ రోజు వానకు మిషన్లు ఆగిపోయాయి. ఎలక్ట్రీషియన్ కెంచప్ప తడుచుకుంటూ పరుగున వచ్చాడు. పదేళ్లుగా ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నవాళ్లు. పంపన్న ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే ఒక జత తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊదినావా?" అని అడిగాడు కెంచప్ప.

పంపన్న తలూపాడు.

అరగంటలో కెంచప్ప కరెంటు ప్యానెల్ గదిలో షాక్ కొట్టి చచ్చిపోయాడు. మెయిన్ ఆపకుండా, అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని విచారణలో రాసుకున్నారు. ఆ జత స్టోర్‌కు తిరిగొచ్చినప్పుడు కుడి గ్లౌజు వేలి మొదట్లో చిన్న బొక్క పంపన్నకు కనబడింది. ఎవరూ చూడకముందే దాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తలో కలిపేశాడు. అప్పటినుంచి అన్నం ముద్ద నోటికి పోయేది కాదు.

కార్తీకంలో మళ్లీ వాన పట్టింది. మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ ఎర్రప్ప అదే ప్యానెల్ గదికి పోవాలని, గ్లౌజులు తీసిపెట్టమని కబురంపాడు.

పంపన్న సెల్‌ఫోన్ వెలుగులో కొత్త జత విప్పాడు. రేకుల మీద వాన హోరు. రబ్బరు వాసన, దాని మీది పౌడరు వాసన. గాలి నింపి ఎడమ చెంపకు ఆనించాడు. ఏమీ తగల్లేదు. మంచి గ్లౌజే.

గ్లౌజు ఆనించని కుడి చెంపకు చల్లగా తగిలింది.

సన్నటి గాలి... సూది మొనంత బొక్కలోంచి వచ్చినట్టు.

పంపన్న కదల్లేదు. వెనక, అరల మధ్య, ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నారు... నెమ్మదిగా. తర్వాత వదులుతున్నారు. రబ్బరు వాసనలోకి కాలిన వెంట్రుకల వాసన వచ్చి కలిసింది.

"ఊదినావా?"

చెవి పక్కనే. కోపం లేదు ఆ గొంతులో. అలిసిపోయి ఉంది.

ఈసారి తలూపడం పంపన్న వల్ల కాలేదు.

"లేదు... ఊదలేదప్పా కెంచప్పా. అబద్ధం చెప్పినా."

గాలి ఆగింది. ఈసారి ఆ గొంతు దూరం నుంచి వినబడింది.

"సుంకలమ్మకు చెప్పు."

లైట్లు వెలిగినా మిషన్లు తిరగలేదు. అప్పటికి పంపన్న నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. బల్ల అవతల ఎర్రప్ప నిలబడి ఏమైందని అడిగాడు. పంపన్న లేచి ఆ జతను మళ్లీ రెండుసార్లు ఊది చూసి, చేతికిచ్చి పంపాడు.

డ్యూటీ దిగి నేరుగా ఫ్యాక్టరీ వెనకే ఉన్న కెంచప్ప ఇంటికి పోయాడు. భార్య సుంకలమ్మ గడపలోనే కూర్చుని ఉంది. పంపన్న నిలబడే అంతా చెప్పాడు. తలూపిన సంగతి, బొక్క సంగతి, కత్తిరించిన సంగతి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మూడు నెలలుగా ఊరంతా ఆయనదే తప్పంటుంటే తను కూడా నమ్మానని, పటం ముందు నిలబడి తిట్టానని చెప్పింది. రేపే ఆఫీసులో రాసిస్తానని పంపన్న మాటిచ్చాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఒకటి అడుగుతా చెప్పన్నా. కుడి చెయ్యి కాలింది, సరే. కడిగేటప్పుడు ఎడం చెయ్యి చూసినా. మణికట్టు చుట్టూ ఐదు వేళ్ల గుర్తులుండె, ఎవరో గట్టిగ పట్టుకున్నట్ల. గ్లౌజు లోపలుండే చేతికి గుర్తులు యాడనుంచి వస్తాయి? ఆ గదిలో ఆయన్తో ఎవరుండిరి?"

"ఎవురూ లేరమ్మా. ఒక్కడే పోయినాడు."

అప్పుడు పంపన్నకు తట్టింది. మిషన్ల మోత ఇక్కడిదాకా వినబడాలి. ఇంకా వినబడటం లేదు. అంటే ఎర్రప్ప ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు.

వెంటనే ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎర్రప్ప ఎత్తాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"పంపన్నా... సాయానికి పంపిన మనిషి ఎవరప్పా? ఎంత అడిగినా పలకడు. నా ఎడం చెయ్యి పట్టుకోని ఉండాడు..."