గొడుగు కింద పదకొండు గంటల నలభై నిమిషాలు

రాయచెర్లులో ఎండ ఎంత ఎక్కువంటే, ఊరు వాడుకోగా చాలా మిగిలిపోతుంటే గవర్నమెంటు వచ్చి ఆ మిగిలినదాన్ని కరెంటు చేసుకోవడానికి తీసుకుపోయింది. అప్పటి నుంచి అక్కడి చేలల్లో వేరుశనగకు బదులు సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి.

గోపికృష్ణ ఆ ప్యానెళ్లు కడిగే ట్రాక్టరు డ్రైవరు. రక్షిత కంట్రోల్ రూములో కూర్చుని, ఏ వరస ఎంత కరెంటు ఇస్తోందో స్క్రీన్ మీద చూసే అమ్మాయి. వరస బాగుంటే పచ్చగా కనిపిస్తుంది. బాగలేకపోతే ఎర్రగా.

ఆరో వరస మూడు రోజులుగా ఎర్రగా ఉంది. ఆమె ఫోన్ చేసింది.

"ఆరో వరస కడగలేదా?"

"కడిగినా మేడం."

"కడిగింటే ఎర్రగా ఎందుకుండాది?"

"సిగ్గేమో."

"ఏంది?"

"ఏం లేదు మేడం. మళ్లా కడుగుతా."

"వద్దు. నేనే వస్తాండా. ఆడే ఉండు."

హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. ఆరో వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా వడియాలు ఆరబెట్టి ఉన్నాయి. పక్కన ఒక ముసలామె కట్టె పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"ఎవురవ్వా ఇవి ఆరబెట్టింది?"

"నేనే. ఇంగెవురు?" అంది భాగీరథమ్మ.

"ఇది సోలార్ ప్యానెలవ్వా!"

"ఇది మా చేనమ్మా. భూమి గుత్తకిచ్చినాం. ఎండ ఇయ్యలేదు."

రక్షితకు ట్రైనింగులో ఈ పాఠం లేదు. అందుకని గోపి మీదికి తిరిగింది.

"కడిగినా అంటివే?"

"కడిగినాంకనే గదా ఆరబెట్టింది! మురికిగా ఉంటే మా అవ్వ ఏమీ ఆరబెట్టదు మేడం."

"మీ అవ్వనా?"

"మా అవ్వే."

"ఇప్పుడు రిపోర్టులో ఏమని రాయల్ల?"

"మేఘం అని రాయండి."

పైన మేఘం పోతే కరెంటు తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా రిపోర్టు రాయడం ఆమె పని. ఆ రోజు ఆమె ఇలా రాసింది: చిన్న మేఘం, ఒకే వరస మీద, మూడు రోజులు కదలలేదు. పై ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లు బెంగళూరులో ఉంటారు. అక్కడ మేఘాలు అలాగే ఉంటాయి.

గోపికి ఇంకో పని ఉంది, జీతం లేనిది. రాయచెర్లు గేమర్స్ సంఘానికి అతను ఎలక్షన్ ఆఫీసరు. సంఘంలో పంతొమ్మిది మంది, ఒక టీవీ, రెండు కంట్రోలర్లు, ఒక గేమింగ్ పెట్టె ఉన్నాయి. ఆ పెట్టెలో రెండు గేములు ఇరుకుగా పడతాయి గానీ, ఏడాదంతా నడవాలంటే జాగా ఒక్కదానికే సరిపోతుంది. అందుకని ప్రతి ఏటా ఉగాదికి ముందు ఓట్లేసి, ఈ సంవత్సరం అందరికీ నచ్చిన గేము ఏదో తేలుస్తారు. గెలిచింది పెట్టెలో ఉంటుంది. ఓడింది డిలీట్.

ఓటు అంటే ఊళ్లో అందరికీ తెలిసింది పంచాయితీ ఎలక్షనే. కాబట్టి నామినేషను, పరిశీలన, ప్రచారం, వేలికి సిరా, అన్నీ ఉంటాయి. రూల్సన్నీ గోపి రాసినవే. ఆఫీసరుకు ఓటు లేదని కూడా తనే రాసుకుని, ఆరేళ్లుగా ఓటు వేయలేదు. పంచాయితీలో లాగే రిజర్వేషను కూడా ఏటేటా మారుతుంది. ఈ ఏడాది మహిళలకు వచ్చింది. గేము ఏదైనా కావచ్చు, నామినేషను మాత్రం మహిళే వేయాలి.

సంఘంలో మహిళలు లేరన్న సంగతి రూలు రాసి, అతికించిన తర్వాత గమనించారు.

సంఘం సభ్యుడు నందీశ్‌కి మాత్రం ఇది కష్టమనిపించలేదు. అతనికి ఇష్టమైన 'లారీ రాజా' నాలుగేళ్లుగా గెలుస్తోంది. తన చెల్లెలు శిల్పశ్రీతో సంతకం పెట్టించుకుని వచ్చాడు.

"ఏ గేముకు సంతకం పెట్టినావో తెలుసా పాపా?" అని గోపి అడిగాడు.

"మాయన్ననడుగు."

ఫారం సక్రమంగా ఉంది. తీసుకున్నాడు.

రెండో అభ్యర్థి లేకపోతే ఎలక్షను లేదు. గోపి తనకు తెలిసిన ఆడవాళ్లందరినీ గుర్తు చేసుకున్నాడు. ఇద్దరే గుర్తొచ్చారు. అందులో ఒకరు అవ్వ.

"మేడం, ఆరో వరస గోపిని."

"మళ్లా వడియాలా?"

"కాదు. మీరు గేములాడతారా?"

"పగలంతా స్క్రీను చూసేకి నాకు జీతమిస్తాండారు. ఇంటికి పోయి ఉత్తనే చూడల్నా?" మళ్లీ తనే అంది. "ఒకటుండాది. ట్రైనింగప్పుడు హాస్టల్లో ఆడింటి. నవ్వకూడదు."

"నవ్వను."

"వాన బస్టాప్."

గోపి నవ్వలేదు. అది గేము పేరని అతనికి అర్థం కావడానికి కొంత టైము పట్టింది.

గురువారం మధ్యాహ్నం ఆమె నామినేషనుతో వచ్చింది. సంఘం ఉండేది శివన్న షెడ్డులో. ఒకప్పుడు అందులో వేరుశనగ మూటలుండేవి. షెడ్డు తనది కాబట్టి శివన్న సంఘానికి గౌరవాధ్యక్షుడు. రక్షిత తండ్రికి తమ్ముడు కాబట్టి ఆమెకు చిన్నాయన. కంట్రోలరు మాత్రం ఎన్నడూ పట్టుకోలేదు.

రూలు ప్రకారం ప్రతి గేమునూ ఆఫీసరు అరగంట ఆడి పరిశీలించాలి. గోపి పెట్టె ఆన్ చేశాడు.

స్క్రీన్ మీద ఒక బస్టాప్. వాన. గొడుగు పట్టుకుని ఒక బొమ్మ. రెండో కంట్రోలరు పట్టుకుంటే ఇంకో బొమ్మ వచ్చి అదే గొడుగు కింద నిలబడింది.

"ఇప్పుడెవుర్ని కాల్చల్ల?"

"ఎవుర్నీ కాల్చకూడదు."

"మరేం చెయ్యల్ల?"

"నిలబడల్ల."

"గెలిచేదెట్ల?"

"గెలిచేది లేదు. బస్సొస్తాది. ఎక్కితే గేమయిపాయె."

"ఎక్కకుంటే?"

"వాన పడ్తానే ఉంటాది."

సంఘం స్పీకరు కొత్తది. మొదటి ఉరుముకే బయట గొర్రెలు మేపుతున్న తిమ్మన్న తన ఎనభై గొర్రెల్నీ షెడ్డు చూరు కిందికి తోలుకొచ్చాడు. వీధిలో ఆరేసిన బట్టలన్నీ నిమిషంలో ఇళ్లలోకి వెళ్లిపోయాయి. రెండు కప్పలు షెడ్డు గుమ్మం దాకా వచ్చి, టీవీ చూసి, ఏమీ అనకుండా తిరిగి వెళ్లాయి. ఎండ మాత్రం ఎప్పటిలాగే కాస్తూ ఉంది.

గోపి రక్షిత వైపు చూడలేదు. స్క్రీన్ మీద ఆమె బొమ్మ వైపే చూశాడు. కాకపోతే ఆ బొమ్మకు ముక్కు గీయలేదు. అది సరిగ్గా ఎలా ఉండాలో తెలుసుకోవడానికి చాలాసార్లు పక్కకు తిరగాల్సి వచ్చింది.

"అరగంటయిందా?" అంది ఆమె.

"ఇంగా కాలేదు."

శుక్రవారం కూడా అరగంట కాలేదు. శనివారం కూడా కాలేదు. పనికి మధ్యాహ్నం మూడు గంటలు విరామం. ఆ మూడు గంటలూ పరిశీలన జరుగుతూనే ఉంది.

"ఈ గేమెందుకంత ఇష్టం?" అని మూడో రోజు అడిగాడు.

"మబ్బొస్తే కంట్రోల్ రూములో అందరూ తిడతారు. నేను తప్పని రిపోర్టు రాయల్ల. చిన్నప్పుడు మా చేన్లో మా నాయన ఒక్క మబ్బు కోసరం ఎంత ఎదురు చూస్తాండెనో. ఇప్పుడు నేనే దాన్ని తప్పని రాస్తాండా." వాన చూస్తూనే చెప్పింది. "తిట్టకుండా వాన చూసేది ఈడొక్కటే. ఫోన్లో ఈ గేము రాదు, మా ఇంట్లో ఈ పెట్టె లేదు. ఓడిపోతే డిలీట్ చేస్తారా?"

"చేస్తారు."

"ఎవురు?"

"నేనే."

స్క్రీన్ మీద బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

నాలుగో మధ్యాహ్నం పూర్తయ్యాక నందీశ్ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. లారీ రాజాకు అరగంటే పరిశీలన చేసి, వాన బస్టాప్‌కు నాలుగు రోజులు చేశారని. ఆఫీసరు ఒక అభ్యర్థికి సాయం చేస్తే ఆ నామినేషను రద్దు. ఇది పద్నాలుగో రూలు. గోపి దస్తూరీలోనే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున పది గంటలకు షెడ్డులో విచారణ. విచారణ చేసేది శివన్న. పంతొమ్మిది మందీ వచ్చారు. రక్షిత, శిల్పశ్రీ గోడ పక్కన కూర్చున్నారు. తిమ్మన్న గొర్రెల్ని బయట వదిలి, గుమ్మంలో నిలబడ్డాడు.

"సాక్ష్యమేముండాది?" అన్నాడు శివన్న.

నందీశ్ టీవీ ఆన్ చేశాడు. ఆ గేము అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. గొడుగు కింద కలిసి నిలబడిన సమయం: పదకొండు గంటల నలభై నిమిషాలు.

షెడ్డంతా గోపి వైపు చూసింది.

"ఆయమ్మి గేముకు ప్రచారం చేసినావేమప్పా?"

"లేదు శివన్నా."

"అయితే పదకొండు గంటలు ఆ గొడుగు కింద నిలబడి ఏం చేస్తాంటివి?"

గోపి నేల చూశాడు. ఏమీ చెప్పకపోతే అది సాయమే అవుతుంది. నామినేషను రద్దవుతుంది, వాన పోతుంది, తీసేయాల్సింది తన చేత్తోనే. నిజం చెప్పాలంటే వినేది ఆమె చిన్నాయన, పద్దెనిమిది మంది స్నేహితులు, గుమ్మంలో తిమ్మన్న. తిమ్మన్న విన్నాడంటే సాయంత్రానికి పక్కూరు క్యాతగానచెర్లు దాకా తెలుస్తుంది.

శివన్న మంచివాడు. దారి చూపించాడు. "మిషను చెడిపోయిండెనేమప్పా? బటను ఇరుక్కుండెనా?"

"బటను బాగానే ఉండాది మామా."

ఆరేళ్లుగా శివన్నా అని పిలిచేవాడు ఆ రోజు మామా అన్నాడు. ఎవరూ గమనించలేదు. శివన్న గమనించాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"ఏమంటివి?"

"ఎలక్షను కోసరం నిలబడలేదు మామా. గేము కోసరం కూడా కాదు. నిజం చెప్పల్లంటే ఆ గేము నాకింగా అర్థం కాలేదు. ఆయమ్మి పక్కన నిలబడేకి నాకు ఇంగో జాగా దొరకలేదు. అంతే."

షెడ్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఫ్యాను రెండేళ్లుగా చెడిపోయి ఉంది. అయినా వినిపించింది.

మొదట తేరుకుంది నందీశే. "ఇది రూల్సులో యాడుండాది?"

"యాడా లేదు," అన్నాడు శివన్న. "లేనప్పుడు తప్పెట్లయితాది?"

"మరి అరగంటని అబద్ధం చెప్పి నాలుగు దినాలు..."

"అది అడగాల్సిందే." శివన్న గోడ వైపు తిరిగాడు. "పాపా, ఈ మనిషి నిన్ను మోసం చేసినాడా? అరగంట కాలేదని చెప్పి కూర్చోబెట్టుకున్నాడా?"

రక్షిత లేచి నిలబడింది. ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

"నా చేతికి వాచీ ఉండాది చిన్నాయనా."

శివన్న వాచీ చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. తర్వాత గోపిని. షెడ్డులో ఎవరో ఈల వేశారు. శివన్న చూడగానే ఆపేశారు.

పెన్ను మూత తీసి తీర్పు రాశాడు. సాయం రుజువు కాలేదు. నామినేషను చెల్లుతుంది. గోపికృష్ణను మాత్రం ఆఫీసరు పని నుంచి తీసేయడమైనది.

"ఎందుకు మామా?"

"అరగంట ఎంతో తెలీనోడివి, ఓట్లేం లెక్క పెడతావప్పా?"

దినామూ రెండుసార్లు ఎనభై గొర్రెల్ని తప్పులేకుండా లెక్కపెడతాడని తిమ్మన్నను కొత్త ఆఫీసరుగా పెట్టారు. ఓటింగు అప్పుడే మొదలైంది. సభ్యులతో పాటు, నామినేషను వేసినవాళ్లకూ ఓటుంది కాబట్టి రక్షిత, శిల్పశ్రీ కూడా వేశారు. అన్నిటికన్నా చివర గోపి. ఆరేళ్లకు మొదటిసారి వేలికి సిరా పెట్టించుకుని, ఆ వేలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బయటికి వచ్చాడు.

రక్షిత ముందే వచ్చి, గోడ నీడలో నిలబడి ఉంది. లోపల తిమ్మన్న గొర్రెల్ని పిలిచే గొంతుతో లెక్కపెడుతున్నాడు. తర్వాత కేకలు వినిపించాయి.

"వాన బస్టాప్ పదకొండు! లారీ రాజా పది!"

నందీశ్ మళ్లీ లెక్కపెట్టమన్నాడు. తిమ్మన్న మళ్లీ మొదలుపెట్టాడు.

"పదకొండోది నీదేనా?" అంది రక్షిత.

"చెప్పకూడదు. రహస్య ఓటు."

"నాకు గూడా చెప్పకూడదా?"

"ఎవురికీ చెప్పకూడదని రూలు."

"ఆ రూలు రాసిందెవురు?"

"నేనే."

"అయితే మార్చు."

"ఇప్పుడు నేను ఆఫీసర్ని కాదు గదా. యాడ మార్చేకవుతాది?" గోపి సిరా వేలిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇంట్లోవాళ్లకైతే చెప్పొచ్చు. దానికి అడ్డం రూలు లేదు."

"మీ ఇంట్లో ఎవురెవురుండారు?"

"అవ్వ ఉండాది."

"ఇంగా?"

"ఇంగా ఎవురూ లేరు. జాగా ఉండాది."

ఆమె దూరంగా కనిపిస్తున్న ప్యానెళ్ల వరసల్ని చూసింది. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా లెక్కపెట్టినట్టుంది.

"మా నాయన ఆదివారం యాడికీ పోడు. ఇంట్లోనే ఉంటాడు."

"ఈ పొద్దు ఆదివారమే గదా?"

"అందుకే చెప్తాండా."