మొదటి విడత భోజనం

రెండో విడతలో ఇద్దరు... మొదటి విడతలో ఒకరు!

కంప్యూటర్ తెర మీద ఆ రెండు వరసల్ని ఆమె మూడుసార్లు చదువుకుంది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని నాలుగోసారి చదివింది. కళ్ళజోడు తప్పేం లేదు. అక్షరాలు అక్కడే ఉన్నాయి, గుండెల్లో గునపం దించినట్టు!

అది ఓడవాళ్ళ ఫారం. ఏడు రోజుల ప్రయాణం, దారిలో మూడు రేవులు. ఓడలో రాత్రి భోజనం రెండు విడతలుగా పెడతారట. మొదటిది ఆరు గంటలకు, రెండోది ఎనిమిదింటికి. ఏ విడత అని ఒకసారి రాసిస్తే ఆ వారమంతా అదే వేళ, అదే టేబుల్, అదే కుర్చీ. ఆమె ముగ్గురికీ కలిపి రెండో విడత అని రాసి, ఒకసారి చూడమని కూతురికి పంపింది. కూతురు చూసింది. దిద్ది తిప్పి పంపింది. తనకూ నాన్నకూ రెండో విడత ఉంచుకుని, ఆమె ఒక్కదాన్నీ మొదటి విడతలోకి నెట్టేసింది!

ఆమె పోస్టాఫీసులో ఇరవై రెండేళ్ళుగా కౌంటర్ దగ్గర కూర్చుంటున్న మనిషి. వీధి వీధంతా ఆమెను పోస్టాఫీసమ్మ అనే పిలుస్తుంది. ఎవరింట్లో ఏ ఫారం నింపాలన్నా ఆమె దగ్గరకే పరుగెత్తుకొస్తారు. అలాంటిది సొంత ఇంటివాళ్ళ ప్రయాణమైతే ఇంక చెప్పాలా? రెండు వారాలు కూర్చుని ఒక్కొక్క రేవూ గాలించింది. మొదటి రేవులో కొండ మీద కోట ఉంది, రెండు వందల మెట్లు. ఆయన మోకాలికి మెట్లు పడవు కాబట్టి పైదాకా బస్సు వెళ్ళే ఏర్పాటు వెతికింది. రెండో రేవులో గాజు ఊదే కార్ఖానా. అమ్మాయికి గాజుపూసలంటే ప్రాణం. మూడో రేవులో సముద్రపు గుహలు, లోపలికి పడవ మీద పోవాలి. నలభై రోజుల్లో అమ్మాయి పెళ్ళి. అత్తారింటికి వెళ్ళిపోతే మళ్ళీ ముగ్గురూ కలిసి ఎక్కడికైనా వెళ్ళడం కుదురుతుందా? ఈ ఏడు రోజుల్లోనైనా ఆ పిల్ల తనను ఇంటిమనిషిగా చూస్తుందేమోనని ఎంత ఆశ పెట్టుకుందో!

"చూశారా ఇది?" అంది భర్త దగ్గరికి వెళ్ళి.

ఆయన సర్వేయరు. ఊరందరి పొలాలకూ హద్దులు గీసే మనిషి. సొంత ఇంట్లో మాత్రం ఏ హద్దు ఎక్కడుందో తెలియనట్టే తిరుగుతాడు. అప్పుడూ అంతే, పేపరు మీంచి తల ఎత్తలేదు.

"పిచ్చుక నాతో అందిలే..." అన్నాడు. కూతుర్ని ఆయన అలాగే పిలుస్తాడు. "వాళ్ళమ్మకి ఓడెక్కాలని మహా కోరిక ఉండేది. మేం ముగ్గురం వెళ్దామనుకుంటూ ఉండగానే ఆవిడ పోయింది. ఒక్క భోజనం దగ్గర మాత్రం మేమిద్దరమే కూర్చుంటే వాళ్ళమ్మ కూడా ఉన్నట్టుంటుందట. నువ్వేమీ అనుకోకు. ఏడు రోజులేగా... సర్దుకో."

సర్దుకో! ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమె వింటున్న మాట అదొక్కటే.

"దానికేముందండీ, నాకు పెందలాడే తినడమే అలవాటు" అంది నవ్వుతూ.

పచ్చి అబద్ధం! ఆ ఇంట్లో అందరికీ పెట్టి, అందరికన్నా ఆఖరున గిన్నెల అడుగున మిగిలింది తినేది ఆమే. ఆ సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. అయినా "అదీ నిజమేలే" అంటూ పేపరు తిప్పాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి ఫారం పూర్తి చేసింది. వాళ్ళిద్దరికీ కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే టేబుల్ అడిగింది. తన గడిలో "ఎక్కడైనా సరే" అని రాసింది. ఆఖర్న పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి, అమ్మాయికి జీడిపప్పు పడదని రాసింది.

తల్లి పోయేనాటికి ఆ పిల్లకు పదకొండేళ్ళు. ఈమె వచ్చేసరికి పదమూడు. ఈ పన్నెండేళ్ళలో ఆ పిల్ల ఆమెను ఒక్కసారైనా ఏ వరసా పెట్టి పిలవలేదు. ఎదురుగా ఉంటే "ఇదిగోండి", చాటున అయితే "ఆవిడ". అంతే! ఒకసారి ఎవరో పెట్టిన బిస్కెట్ తిని ఆ పిల్లకు మొహం బూరెలా ఉబ్బిపోయి, ఊపిరాడక గిలగిల్లాడింది. అందులో జీడిపప్పు పొడి కలిసిందట. అప్పుడు కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఆ పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది ఈమే. తెలివొచ్చాక ఆ పిల్ల "అమ్మా" అంది. ఈమె ప్రాణం లేచొచ్చి "ఏం తల్లీ" అంటూ వంగింది. పిల్ల ఆమె మొహం చూసి, గోడవైపు తిరిగి పడుకుంది... ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం! అది పిలిచింది ఈమెను కాదు. తల్లి లేని బెంగకు కోపం తెచ్చుకునేంత రాతిగుండె కాదు ఈమెది.

ఓడ బయల్దేరింది. మొదటి సాయంత్రం ఆరు గంటలకు ఆమె ఒక్కతే భోజనశాలలోకి అడుగుపెట్టింది. ఎంత పెద్ద శాలో! కుటుంబాలకు కుటుంబాలు కలకల్లాడుతూ వస్తున్నాయి. మనవలు తాతల ఒళ్ళోకి ఎక్కుతున్నారు, మొగుళ్ళు పెళ్ళాల పళ్ళేల్లోంచి ముక్కలు లాక్కుంటున్నారు. ఆమె టేబుల్ వెతుక్కుంటూ వెళ్తే, కిటికీ పక్కన ఇద్దరు కూర్చునేది! ఒక్క ఇంటివాళ్ళే కదా అని ఓడవాళ్ళు అందరికీ కలిపి అదే టేబుల్ రాసేశారు. వేళలు మాత్రం వేరు.

వడ్డించే ఆయన పెద్దవాడు, నెరిసిన మీసం. ఎదుటి కుర్చీ వైపు చూసి, "ఇంకెవరైనా వస్తారామ్మా?" అని అడిగాడు.

"ఎవరూ రారండీ."

ఆయన ఎదుటి పళ్ళెం, చెంచాలు, గ్లాసు ఒక్కొక్కటే తీసేశాడు. ఆ చిన్న చప్పుళ్ళకే ఆమెకు చెవుల దాకా సిగ్గేసింది. ఒంటరిదానివి, ఒంటరిదానివి అని అందరి ముందూ చాటింపు వేసినట్టే ఉంది! సూప్ చల్లారిపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోతే మనిషి ఎటు చూస్తూ తినాలి? గోడకేసి చూసింది, చేతుల్లోకి చూసుకుంది, ఆఖరికి మెనూ కార్డు తీసి చూస్తూ కూర్చుంది.

అది చూస్తుంటే భయం పట్టుకుంది. ఆ కార్డులో ఉన్న సగం వంటకాల పేర్లు ఆమె ఎన్నడూ వినలేదు. దేంట్లో ఏం రుబ్బి పోశారో ఎవరికి తెలుసు?

"రెండో విడతలో ఈ టేబుల్‌కి వచ్చేది మా అమ్మాయే. దానికి జీడిపప్పు పడదు. ఫారంలో రాశాను. మీకు చేరిందా?"

"వంటవాళ్ళ దగ్గర కాగితం ఉందమ్మా."

ఉంటే? డబ్బాలో పడ్డ ప్రతి ఉత్తరమూ చేరుతుందా? పోస్టాఫీసు మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా! "ఏమీ అనుకోకండి, ఒక్కసారి లోపలికి వెళ్ళి ఒక్కొక్కటీ అడిగి రండి. మీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. ఆయన విసుక్కోకుండా వెళ్ళొచ్చాడు. ఆమె పెన్సిల్ తీసి, తినదగ్గ వాటి పక్కన టిక్కులు పెట్టి, తినకూడనివి కొట్టేసి, "ఇది దాని టేబుల్ మీద పెట్టండి. నేనిచ్చానని మాత్రం చెప్పకండి" అంది.

"అదేంటమ్మా?"

"చెబితే తినదు."

ఆ మాట నోరు జారిందే గానీ, తర్వాత ఆ పెద్దాయన మొహం చూడలేకపోయింది. ఆయన కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రోజూ ఆరు గంటలకు వంటింట్లోకి వెళ్ళి అడిగి రావడం తన పనిగా పెట్టుకున్నాడు.

మర్నాడు కోట దగ్గర తండ్రీ కూతుళ్ళు ముందు నడిచారు, ఆమె వెనక. "ఇదిగోండి, కాస్త మాకు ఫొటో తీస్తారా?" అంది అమ్మాయి. తీసింది. ఒకటి కాదు, నలభై తీసింది. ఒక్కదాంట్లో కూడా తను లేదు.

తిరుగుదారిలో బస్సులో అమ్మాయి తండ్రితో ఉత్సాహంగా చెబుతోంది. "నాన్నా, కార్డు మీద టిక్కులు చూశావా? నాకు ఏం పడుతుందో ఏం పడదో ఒక్కొక్కటీ ఎంత చక్కగా గుర్తు పెట్టారో! ఈ ఓడవాళ్ళకున్న శ్రద్ధ మనింట్లో ఎవరికైనా ఉందా?"

వెనక సీట్లో ఆమె కిటికీ వైపు తిరిగింది. భర్త ఒక్కసారి వెనక్కి చూశాడు. ఇంట్లో సరుకుల చీటీ మీద రోజూ చూసే టిక్కులు ఆయన పోల్చుకోలేడా! ఆమె వద్దన్నట్టు తలూపింది. ఆయన ముందుకు తిరిగి, "అవునమ్మా, మంచి ఓడ" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి! కూతురు అలుగుతుందని భయం, భార్య ఎలాగూ అలగదని ధీమా.

ఆ రాత్రి ఆమె మూడో రేవు టిక్కెట్లలో ఒకటి రద్దు చేయించింది. "గుహల పడవలో రెండే సీట్లు దొరికాయట. నాకు నీళ్ళంటే ఎలాగూ భయం, మీరు వెళ్ళి రండి" అంది. గాజు కార్ఖానా రోజు తల తిరుగుతోందని ఓడలోనే ఉండిపోయింది. ఎవరూ బలవంతం చేయలేదు. ఒక్కసారి "నువ్వూ రా" అని ఎవరైనా అంటే, తల తిరుగుడు ఎగిరిపోయేదే!

ఆరో రోజు గుహల దగ్గర పడవలోకి దిగగానే అమ్మాయికి అనుమానం వచ్చింది. పడవలో ఆరు సీట్లున్నాయి. నలుగురే కూర్చున్నారు.

"సీట్లు దొరకలేదన్నారు కదా నాన్నా ఆవిడ?"

ఆయన నీళ్ళు నమిలాడు. గుహలన్నీ నీలంగా మెరుస్తుంటే పక్కవాళ్ళు ఆహా ఓహో అంటున్నారు. అమ్మాయి మాత్రం ఆ ఖాళీ సీట్లనే చూస్తూ కూర్చుంది. తిరిగి ఓడెక్కగానే ఆయన బడలికగా ఉందని గదిలో నడుం వాల్చాడు. అమ్మాయి నేరుగా భోజనశాలకు వచ్చింది. ఎందుకు అబద్ధం చెప్పారని నిలదీయాలనే వచ్చింది.

గుమ్మంలోంచి చూస్తే తమ టేబుల్, తమ కిటికీ, తను రోజూ కూర్చునే కుర్చీ. ఎదుటి కుర్చీలో ఆవిడ. పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముందు మెనూ కార్డు, చేతిలో పెన్సిల్.

"చేప మీద పోసే ఈ పులుసులో ఏం రుబ్బారు?"

"ఇప్పుడే అడిగొచ్చానమ్మా. జీడిపప్పే."

"అయ్యో, చేపంటే దానికి ఎంతిష్టమో! ఆ పులుసు లేకుండా ఒక్క ముక్క విడిగా వేయించమని చెప్పరూ? ఆఖరి రోజు కదండీ. రేపు దిగిపోతాం. తర్వాత దాని పెళ్ళి... అక్కడ దాని పళ్ళెంలో ఏముందో ఎవరు చూస్తారో ఏమో!"

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి ఎదురుగా అమ్మాయి!

"ఈ టిక్కులు... రోజూ మీరేనా?"

ఆమె గబుక్కున కార్డు ఒళ్ళోకి లాక్కుంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు! "ఏం లేదమ్మా... ఊరికే... తోచక..."

"ఓడవాళ్ళని పొగుడుతుంటే వింటూ కూర్చున్నారా? మీ ముందే ఇంట్లో ఎవరికీ శ్రద్ధ లేదన్నాను! అప్పుడైనా నోరు విప్పకూడదా?"

"విప్పితే నువ్వు తినడం మానేస్తావేమోనని..."

అమ్మాయి నిలబడ్డచోటే భోరుమంది. పక్క టేబుళ్ళవాళ్ళు చెంచాలు ఆపి చూశారు. అయినా ఆగలేదు. "అమ్మ చోటు మీకెక్కడ ఇచ్చేస్తానో అని భయం నాకు... అమ్మని మర్చిపోయినట్టవుతుందని! అందుకే ఇలా చేశాను... నాన్నకి తెలుసా, ఈ కార్డుల సంగతి?"

ఆమె తల దించుకుని ఒళ్ళోని కార్డు మడతపెట్టసాగింది.

"తెలిసీ ఊరుకున్నారా!"

"ఆయన్నేం అనకు తల్లీ. నేనే వద్దన్నాను."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఎదుటి కుర్చీ లాగి కూర్చుంది. పెద్దాయన్ని పిలిచి, "నాకూ ఇప్పుడే వడ్డించండి" అంది. తీసేసిన పళ్ళెం, చెంచాలు, గ్లాసు ఆయన మళ్ళీ ఒక్కొక్కటే తెచ్చి పెట్టాడు.

ఆమె కంగారుపడిపోయింది. "అదేమిటమ్మా! ఎనిమిదింటికి మీ నాన్న వస్తారుగా? ఒక్కరే ఎలా తింటారు? ఉండు, నేను వెళ్ళి తీసుకొస్తాను."

లేవబోతుంటే అమ్మాయి మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. "కూర్చో. ఈ పూట ఆయన్ని ఒక్కరినే తిననీ."

"తప్పమ్మా! ఎదురుగా మనిషి లేకపోతే ఆయనకు ముద్ద దిగదు."

"మరి నీకు దిగిందా, ఇన్ని రోజులూ?"

పన్నెండేళ్ళలో ఆమెను ఎవరూ అడగని మాట అది. అలవాటు కొద్దీ నవ్వేసి, దిగిందనే చెప్పాలనుకుంది. కానీ నవ్వు రాలేదు. మొదటిసారిగా ఒకరి ముందు, దాచుకోకుండా, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అమ్మాయి ఆమె చల్లారిన పళ్ళేన్ని పక్కకు జరిపి, వేడి అన్నం తెమ్మంది.