ఈకలు విరిగిన గూడబాతు

కిరణ్ కుమార్ శవం బుధవారం ఉదయం పెదపాడు దగ్గర పంటకాలువలో దొరికింది. మెడలో కెమెరా అలాగే ఉంది. మెమరీ కార్డు లేదు.

పక్షుల్ని ఫొటో తీస్తూ కాలుజారి పడ్డాడని అందరూ అనుకున్నారు. కాలుజారినవాడి మెడ వెనక, పశువులకు మత్తిచ్చే సూది పోటు ఎందుకుంటుందని ఎవరూ అడగలేదు.

పదకొండు గంటలకు ఏలూరులో ఒక తివాచీల కొట్టు మేడమీద లక్ష్మీకాంతం కిరణ్ ఫైలును ఆనంద్ పాల్ ముందుకు తోసింది. కింద కొట్టువాళ్ళకు ఆవిడ ట్యాక్స్ కన్సల్టెంట్. ఢిల్లీలో నలుగురికి మాత్రం కోస్తా సెక్టార్ చీఫ్.

"కిరణ్‌కి ట్రైనింగ్ ఇచ్చింది నువ్వే కదా?"

"అవునండి."

"బాధపడటానికి టైము లేదు, విను. రేపు ఉదయం తొమ్మిది నుంచి తొమ్మిదీ ఇరవై దాకా నేవీ కొత్త రాడార్‌ని తీరంలో మొదటిసారి ఆన్ చేస్తోంది. దాని సిగ్నల్ కోసం ఒక విదేశీ ముఠా దిగింది. డ్రోన్ ఎగరేస్తే దొరికిపోతారు. అందుకని గూడబాతుల్ని పట్టారు."

"రీసెర్చ్ ట్యాగ్ అని చెప్పి వీపుమీద రికార్డర్లు కడతారన్నమాట."

"ఐదు పక్షులు. ఎండెక్కగానే వేడిగాలి పట్టుకుని ఎంత ఎత్తుకు పోతాయో నాకంటే నీకే బాగా తెలుసు. ఇది కిరణ్ పంపిన ఆఖరి మెసేజ్. వాటిని ఎక్కడ దాచారో చెప్పేలోపే పోయాడు."

"టెస్ట్ వాయిదా వేయించండి."

"వేయిస్తే మనకు తెలిసిందని వాళ్ళకు అర్థమైపోతుంది. మళ్ళీ ఏ జంతువు వీపున ఏం కట్టుకొస్తారో! వాటిని ఎగరనివ్వకు. ఆపలేకపోతే కాల్చెయ్."

ఆనంద్ పాల్ కిరణ్ ఫైల్లో ఉన్న ఫొటో ఎగ్జిబిషన్ ఆహ్వానపత్రం తీసి జేబులో పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట కెమెరా అతనికి వేషం మాత్రమే. పోనుపోను అదే అసలు పనై, గూఢచర్యం పక్కపనిలా అనిపించసాగింది. కొల్లేరులో అతను ఫొటో తీయని పక్షి లేదు. ఇప్పుడు అతని బ్యాగులో లెన్స్ అంచున సిగ్నల్ డిటెక్టర్ ఉంది. కెమెరా నిలబెట్టే మోనోపాడ్ మడత తీస్తే రైఫిల్. అందులో నాలుగు గుళ్ళు పడతాయి. పక్షులు ఐదు.

మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో ఒక కళ్యాణమండపంలో కొల్లేరు పక్షుల ఫొటో ఎగ్జిబిషన్. నడిపేవాడు డాక్టర్ రైనర్. ఊరి బయట గాయపడ్డ జంతువుల కోసం రెస్క్యూ సెంటర్ పెట్టిన విదేశీయుడు. అతని పక్కన నల్ల పట్టుచీరలో, పొట్టి జుట్టుతో సిల్వియా. ఆ గదిలో ఫొటోలకంటే ఆమెనే ఎక్కువమంది చూస్తున్నారు. నాలుగేళ్ళ కిందటిదాకా ఆమె డిపార్ట్‌మెంట్ మనిషి. తర్వాత ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

"బావురుపిల్లి ఫొటో దొరికిందా అండీ?" అని ఆమెను అడిగాడు ఆనంద్ పాల్. అది కిరణ్ వాడే కోడ్.

"పాదముద్రలే దొరికాయండి," అంది సిల్వియా. సరైన జవాబే. కిరణ్ నమ్మి చెప్పాడా, చెప్పేదాకా కొట్టారా?

"ఆ మూల గూడబాతును చూడండి. నేను తీసిందే," అని ఆమె పక్కకు జరిగింది.

కింద 'కొల్లేరులో స్వేచ్ఛగా' అని రాసి ఉంది. ఆనంద్ పాల్ దగ్గరకెళ్ళి చూశాడు. తోక ఈకల చివర్లు అరిగిన చీపురులా విరిగిపోయి ఉన్నాయి. రెక్క మడత దగ్గర చర్మం బయటపడింది. ఇనుప వలకు రోజుల తరబడి రాసుకుంటే తప్ప పక్షికి అలా అవదు.

"ఇది బోనులో పక్షి," అన్నాడు.

"బోనులో తీసి బయట తీసినట్టు చెప్పుకోవడం మన రంగంలో పెద్ద తప్పు. తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు," అంది ఆమె చిన్నగా. అంతలో రైనర్ పిలిచాడు. ఆమె నవ్వు ముఖానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ ఫొటోను అతను తన కెమెరాలోకి ఎక్కించుకున్నాడు. పక్షి వెనక మసకగా ఒక చేపల చెరువు, నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న ఏరియేటర్ల వరస. కొల్లేరు చుట్టూ అలాంటి చెరువులు వేలల్లో ఉన్నాయి. వాటి గట్లన్నీ తెలిసినవాడు ఒక్కడే, పదేళ్ళుగా అతన్ని దోనెలో తిప్పిన అప్పన్న. ఇంటికెళితే, ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకోడానికి వెళ్ళాడు, పొద్దున బస్సుకు వస్తాడన్నారు. ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉంది.

గురువారం ఏడూ నలభైకి అప్పన్న నున్నటి గుండుతో బస్సు దిగాడు. అక్కడే రోడ్డుమీద కెమెరా స్క్రీన్ చూశాడు.

"వరసలో ఒక్క ఏరియేటరే ఆకుపచ్చదండి. దానికి రంగేసింది నేనే. పెదపాడు అవతల అరవై ఎకరాల చెరువు. మూణ్ణెల్ల కిందట ఎవరో లీజుకు తీసుకుని మమ్మల్నందర్నీ పని మానిపించేశారు."

ఆనంద్ పాల్ చీఫ్‌కు ఫోను చేశాడు. టీమ్ చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది.

ఎనిమిదీ నలభైకి ఇద్దరూ పక్క చెరువు గట్టున బోర్లా పడుకున్నారు. అవతల వలబోనులో ఐదు గూడబాతులు. వీపుల మీద నల్లటి పెట్టెలు. రిమోట్ పట్టుకుని రైనర్, ఇద్దరు కాపలావాళ్ళు, కెమెరాతో సిల్వియా. ఇవతల చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది. ట్రేలు గట్టెక్కుతున్నాయి.

అతను రైఫిల్ బిగించాడు. తోక విరిగిన పక్షి కన్ను లెన్సులో నిండుగా కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ కంటికోసమే బురదలో గంటలు గంటలు కాచుకున్నాడు. వేలు కదల్లేదు.

"కాల్చడమెందుకండీ?" అన్నాడు అప్పన్న.

"అవి గాల్లోకి లేవకూడదు."

"అయితే మేపండి. మెడదాకా మెక్కిన గూడబాతు లేస్తుందా? అరిగేదాకా గట్టున కూర్చుంటుందండి."

ఎనిమిదీ యాభై మూడు. అప్పన్న వెళ్ళి పట్టుబడి మేస్త్రీతో రెండు మాటలు మాట్లాడాడు. ఆనంద్ పాల్ ప్యాంటు మీద లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, చిన్న శీలావతి చేపలు నిండిన ట్రేలు నెత్తికెత్తుకున్నాడు.

"ఎవరయ్యా మీరు?" కాపలావాడు అడ్డొచ్చాడు.

"పక్షులకు మేతండి. మేడమ్ గారు తెమ్మన్నారు."

కాపలావాడు సిల్వియా వైపు చూశాడు. ఆమె ఆనంద్ పాల్‌ని గుర్తుపట్టింది. ఆ కళ్ళలో ఏముందో అతనికి అంతుబట్టలేదు.

"నేనే చెప్పాను," అంది చివరికి. "ఫొటో కోసం."

రైనర్ వెనక్కి తిరిగేసరికి ట్రేలు బోను ముందు లోతులేని నీళ్ళలో బోర్లాపడ్డాయి. సరిగ్గా తొమ్మిది. అతను ఇంగ్లీషులో తిడుతూనే రిమోట్ నొక్కాడు. బోను తలుపు లేచింది. రికార్డర్లు ఆన్ అయ్యాయి.

నాలుగు పక్షులు చేపలమీద పడ్డాయి. ఐదోది, తోక విరిగినది, నీళ్ళమీద పరిగెత్తి గాల్లోకి లేచింది. అది గట్టు దాటింది, తాడిచెట్టు ఎత్తుకు వెళ్ళింది, ఒక చుట్టు తిరిగింది. కింద మిగతావి ముక్కు కింది సంచులు చేపలతో నింపుకుంటున్నాయి. ఆకలి గెలిచింది. దబ్బున వచ్చి వాటి మధ్య వాలింది.

రైనర్ మత్తుసూది తుపాకీ తీసి ఆనంద్ పాల్ మెడకు గురిపెట్టాడు. సిల్వియా తన నాలుగు కిలోల లెన్సును రెండు చేతులతో తిప్పి అతని ముంజేతి మీద కొట్టింది. తుపాకీ ఒకవైపు, రైనర్ ఒకవైపు చెరువులో పడ్డారు. అప్పటికే పట్టుబడి వాళ్ళు ఇరవైమంది వలలతో సహా గట్టెక్కారు. కాపలావాళ్ళు చేతులెత్తేశారు.

తొమ్మిదీ ఇరవై అయింది. పక్షులు కదల్లేదు.

"కిరణ్ పేరు వాళ్ళకు చెప్పింది నేనే," అంది సిల్వియా, గట్టుమీద కూర్చుని. "మత్తిచ్చి ఒక రోజు దాచి వదిలేస్తామన్నారు. నమ్మాను. కాదు, నమ్మాలనుకున్నాను. ఆ సాయంత్రమే ఆ ఫొటో గోడకెక్కించాను."

అతనికి ఆమెను తిట్టాలనీ అనిపించలేదు, ఓదార్చాలనీ అనిపించలేదు. జీపులు రాగానే తనే చేయి పట్టి ఎక్కించాడు. ఆమె వెనక్కి చూడలేదు.

తర్వాత కిరణ్ తల్లి ప్రసన్నకుమారికి ఫోను చేశాడు. "పక్షులంటే వాడికి ప్రాణం బాబూ. వాటికోసమే పోయాడు," అందావిడ. అవునండి అన్నాడు. అంతకంటే నిజం చెప్పే అధికారం అతనికి లేదు.

చీఫ్ ఫోను మోగింది. "రికార్డర్లు?"

"విప్పేశారండి. పక్షులు ఐదూ క్షేమం."

"గుళ్ళు?"

"నాలుగూ ఉన్నాయి."

"మరి ఎవరి సాయంతో ఆపావు? రిపోర్టులో రాయాలి."

"అప్పన్న గారు. శీలావతి."

లక్ష్మీకాంతం రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషి ఆవిడ.

"ఈ శీలావతిది ఏ బ్యాచ్?"