ఫైళ్ళు సర్దే దెయ్యం

మా టెనరీ కౌంటీ కోర్టు నేలమాళిగలోకి చీకటి పడ్డాక ఎవరూ దిగరు. షెరీఫ్ కూడా దిగడు, నడుముకి తుపాకీ ఉన్నా సరే దిగడు. సొరుగులు వాటంతట అవే తెరుచుకుంటాయట... ఇనప తలుపు కింద పసుపు వెలుతురు కనిపిస్తుందట... ఎవరో ఆడమనిషి సన్నగా చర్చి పాట తీస్తుందట. జైల్లో చచ్చిపోయిన కొడుకు ఫైలు కోసం ఒక తల్లి తిరుగుతోందని ఊళ్ళో చెప్పుకుంటారు.

నేను ఆ కోర్టులో గుమస్తాని. నిజం చెప్పొద్దూ, ఆ దెయ్యం మాకు చాలా ఉపకారం చేసింది. పాత ఫెలనీ కేసులు, అంటే మనిషిని ఏళ్ళ తరబడి జైల్లో పెట్టే పెద్ద నేరాలవి, ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు. అన్నీ కిందే ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే, "ఇవాళ పొద్దుపోయిందండీ" అనేవాళ్ళం. మధ్యాహ్నం రెండింటికి కూడా అదే మాట.

ఆర్లిస్ బ్రాంట్ మాత్రం కదల్లేదు.

డిసెంబరులో ఒక గురువారం, సాయంత్రం నాలుగుంబావుకి వచ్చాడు. బయట అప్పటికే మసక పడుతోంది. స్కూలు బస్సు నడిపే ఉద్యోగం అతనికి దాదాపు వచ్చేసింది. కానీ రాష్ట్రం కంప్యూటర్లో, 1989లో ట్రక్కు దొంగతనం కింద అరెస్టు అని ఉంది. ఆ కేసు మూడు వారాల్లోనే కొట్టేశారు. ట్రక్కు అరువిచ్చిన పెద్దమనిషి తాగిన మైకంలో ఆ సంగతి మర్చిపోయాడంతే. కొట్టేసినట్టు మాత్రం కంప్యూటర్లో ఎక్కడా లేదు.

"రేపు ఎనిమిదింటికల్లా కాగితం చూపించాలి" అన్నాడు. "లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా ఆవిడ మెర్లాకి గుండె ఆపరేషను చేయించాలి. ఆ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు తప్ప మాకు ఇంకో దారి లేదు."

"తాళం ఇస్తాను, మీరే దిగండి" అన్నాను. "నాకు నడుం నొప్పి."

అప్పటిదాకా నా నడుం బాగానే ఉంది.

తరవాత జరిగింది ఆర్లిస్ చెప్పగా విన్నదే.

దిగాడు. గోడకి ఒక్కటే బల్బు. రిజిస్టర్లో తన పేరు దొరికింది, నంబరు దొరికింది. తీర్పు రాసే గడిలో మాత్రం బ్లేడుతో గీకిన మచ్చ. సొరుగు లాగాడు. తన పేరున్న అట్ట ఉంది... లోపల ఏమీ లేదు.

బల్బు ఆరిపోయింది.

వెనక మూల నుంచి ఏదో చెక్క తలుపు కిర్రుమంది. గచ్చు మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు... ఆగింది... మళ్ళీ మొదలైంది. సన్నగా పాట. ఆర్లిస్ సొరుగుకి ఆనుకుపోయాడు. పసుపు వెలుతురు అతని బూట్ల దాకా పాకింది.

"అది అక్కడ లేదు నాయనా—"

తెల్లటి జుట్టు, తెల్లటి పొడుగు కోటు, చేతిలో లాంతరు. చూస్తే మిస్ ఒట్టిలీ! ముప్ఫై ఒక్క ఏళ్ళు మా కోర్టు రికార్డులన్నీ చూసే పెద్ద క్లర్కుగా చేసి, పన్నెండేళ్ళ కిందట రిటైరైన ముసలావిడ. ఎదురు వీధిలోనే ఇల్లు.

"మీరా! నా ప్రాణం పోయింది కదండీ!"

"ఒరేయ్, మెల్లగా. పైనవాళ్ళు వింటే దెయ్యం పరువు పోతుంది." ఇంతసేపూ గచ్చు మీద ఈడ్చుకొచ్చిన చేతికర్ర గోడకి ఆనించింది. "వెనక తలుపు తాళం నన్నెవరూ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఈ కొత్తవాళ్ళకి సర్దడం రాదు. రోజూ వచ్చి సర్దిపోతుంటాను."

"నా కాగితం ఏదండీ?"

"కాల్చేశాను."

"ఏంటీ?"

"కేసు కొట్టేసిన మర్నాడే. మీ అమ్మ చర్చిలో నా పక్కనే నిలబడి పాడేది. బంగారం లాంటి మనిషి. రేపు నీకు పిల్లనిచ్చేవాళ్ళ కంట అది పడకూడదని మా ఇంటి పొయ్యిలో వేశాను. అంతా నీ మంచికే."

"అమ్మా, నా తప్పు లేదని రాసింది దాంట్లోనే కదా!"

ఆవిడకి ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఆర్లిస్ పెట్టె మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మెర్లాకి ఏం చెప్పాలి? ముప్ఫై ఏళ్ళుగా తనని కాపాడుతున్న ఆ దయ మీద పీకలదాకా కోపం వచ్చిందట.

"ఊరుకో" అంది మిస్ ఒట్టిలీ. మూలనున్న టైపు మిషను మీద గుడ్డ తీసింది. చేతిసంచిలోంచి కోర్టు ముద్ర తీసింది. "కొత్తది చేసిస్తాను. నిజమే కదా రాసేది?"

"మరి జడ్జిగారి సంతకం? ఆయన పోయి పాతికేళ్ళయింది!"

"ఆయన చేతులు వణికేవి నాయనా, కలం నిలిచేది కాదు. చివరి ఆరేళ్ళు నేనే పెట్టాను."

మర్నాడు ఏడున్నరకి ఆర్లిస్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. సిరా ఇంకా కొత్త వాసన కొడుతోంది. పట్టుబడితే జైలుకి వెళ్ళేది ముగ్గురం. నేను గడియారం చూశాను, అతని మొహం చూశాను, నకలు తీసి, అసలుకి సరిపోయిందని ముద్ర కొట్టేశాను. ఫిబ్రవరిలో మెర్లాకి ఆపరేషను అయింది. బాగుంది.

ముద్ర కొట్టిన ఆ శుక్రవారమే, పట్టపగలు, నేను నేలమాళిగలోకి దిగాను. జడ్జిగారి ఆ చివరి ఆరేళ్ళ సొరుగులన్నీ లాగాను. చర్చిలో ముందు వరసల్లో కూర్చునే ఇళ్ళవాళ్ళవి ఒట్టి అట్టలు. ఏటి ఒడ్డున ట్రెయిలర్లలో, అంటే చక్రాల మీది రేకుల ఇళ్ళలో, ఉండే పేదవాళ్ళవి మాత్రం ఒక్క కాగితం పోకుండా ఉన్నాయి. నాలుగేళ్ళు, ఏడేళ్ళు, పదకొండేళ్ళు... ప్రతి శిక్ష కిందా జడ్జిగారి పేరుతో సంతకం.

అన్నీ తిరగేశాను. ఒక్క అక్షరం కూడా వణకలేదు.