వెళ్ళొస్తానన్న పాపానికి...

"వెళ్ళి సంతకం పెట్టేసి రా! తల వంచుకుంటే మన సొమ్మేం పోయింది? ఈ దేశంలో మనం పరాయివాళ్ళం..." అంటూ భర్త డ్రైవరు చొక్కాకి గుండీలు పెట్టుకుని బస్సు డిపోకి వెళ్ళిపోయాడు.

బల్లమీద బడి నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. వాళ్ళ పద్నాలుగేళ్ళ కూతురు అమ్మడు టీచర్ని బెదిరించిందట! తల్లి పదింటికి వచ్చి సంతకం పెడితే, ఏడాదిపాటు అమ్మడిని మొండి పిల్లల గదిలో వేస్తారట! బెదిరించడమా? పిల్లి ఎదురైనా పక్కకి జరిగి దారిచ్చే పిల్ల... బెదిరించడమా?

లాండ్రీ షాపులో ప్యాంట్లు కురచ చేసి కుట్టే ఆ తల్లి, ఆ రోజు పనికి సెలవు పెట్టి కూతురి మంచం మీద కూర్చుంది.

"ఏమన్నావు తల్లీ? నాతో కూడా చెప్పవూ?"

అమ్మడు మోకాళ్ళ మీంచి తలెత్తింది. "పాఠం చదువుతుంటే నా యాసకి అందరూ నవ్వారమ్మా... టీచరు కూడా నవ్వింది. నేను ఆపేశాను. చదవకపోతే బయటికి పొమ్మంది. సంచీ తీసుకుని, నేను మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. అంతే!"

"వాళ్ళ భాషలోనా?"

"ఆ! నువ్వేగా అంటావు, పోతున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలని..."

తల్లి గుండె చెరువైపోయింది! రోజూ గుమ్మం దగ్గర పిల్లని ఆపి, "పోతున్నా ఏంటే, అపశకునం మాట! వెళ్ళొస్తా అను" అని కసిరేది తనే కదా! అందరూ నవ్వి వెళ్ళగొట్టినా, ఆ మర్యాద మరవలేదు పిచ్చితల్లి. వాళ్ళ చెవులకి మాత్రం అది 'నీ సంగతి చూస్తా' అన్నట్టు వినబడింది!

"మరి ఆ మాట వాళ్ళకి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? నాతో మాట్లాడేదెవరు? రెండు నెలల నుంచి మెట్ల కింద ఒక్కదాన్నే కూర్చుని తింటున్నానమ్మా..."

ఆ తల్లి కూతుర్ని గుండెకి హత్తుకుని భోరుమంది. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "మొహం కడుక్కో. పద!"

హెడ్మిస్ట్రెస్ గదిలో ఆ టీచరు కూడా ఉంది. తల్లికి వాళ్ళ భాష రాదు, అమ్మడే మధ్యలో నిలబడి ఇటు మాట అటు చెప్పాలి.

"నా కూతురు బెదిరించలేదు. మా ఇళ్ళల్లో ఎవరూ పోతున్నానని గడప దాటరు, వెళ్ళొస్తామనే అంటారు. చదివే పిల్లని చూసి నవ్వడం పెద్దవాళ్ళకి తగునా? ఈ పిల్ల రెండు నెలలుగా మెట్ల కింద తింటోంది. ఒక్కరైనా చూశారా? నేను సంతకం పెట్టను!"

అమ్మడు నేల చూపులు చూస్తూ నాలుగు ముక్కలు గొణిగింది.

"నేను అంత చెబితే నువ్వు చెప్పింది ఇంతేనా? ప్యాంట్లు కత్తిరించడం నా పని, నా మాటలు నువ్వు కత్తిరించకు! నవ్విందన్నదీ చెప్పు. మెట్ల సంగతీ చెప్పు."

"సిగ్గేస్తోందమ్మా..."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదే!"

అమ్మడి గొంతు వణికింది... ఆగింది... మళ్ళీ లేచింది! ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు. టీచరు ముఖం ఎర్రబడింది. "అవును, నేను నవ్వాను. అది తప్పే..." అంది మెల్లగా. హెడ్మిస్ట్రెస్ సంతకం పెట్టాల్సిన కాగితాన్ని తనవైపు లాక్కుని, రేపు అమ్మడు ఎప్పటి క్లాసులోనే కూర్చుంటుందని, మధ్యాహ్నాలు మెట్ల కింద ఏం జరుగుతోందో తనే వచ్చి చూస్తానని చెప్పింది.

తల్లి దణ్ణం పెట్టింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, దారంతా కూతురి దగ్గర వల్లె వేసుకొచ్చిన మాటని ఆ యాసతోనే, వాళ్ళ భాషలోనే గట్టిగా చెప్పింది.

"నేను మళ్ళీ వస్తాను!"

టీచరు ఉలిక్కిపడింది. వరండాలోకి రాగానే రెండు నెలల తర్వాత మొదటిసారి అమ్మడు పకపకా నవ్వింది.

"అమ్మా, అది మర్యాదా, బెదిరింపా?"

"రెండూనే!" అంది అమ్మ.