పడవ ఎక్కనన్న అమ్మాయి

"హెల్మెట్ లేకుండా అక్కడ నిలబడకూడదు! వెనక్కి జరగండి!"

సునీవా అదిరిపడింది. చేతిలోని కాగితాలు సగం బురదలో పడ్డాయి. అరిచినవాడు తోర్యుస్. ఎదుట ఉరవడిగా పారే నదిలో రాఫ్టింగ్ పడవలు నడిపే గైడు.

"నేను పడవ ఎక్కడానికి రాలేదు. ఓస్లో నుంచి సర్వే కోసం వచ్చాను. సాహసయాత్రలకు వచ్చేవాళ్లు ఏం కోరుకుని వస్తారో తెలుసుకోవాలి."

"ఒడ్డున నిలబడి తెలుసుకుంటారా?"

"అవును. నీళ్లంటే నాకు భయం."

ఇంత సూటిగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. నవ్వబోయి ఆగి, కాగితాలు ఏరి ఇచ్చాడు.

నాలుగు రోజులు ఆమె ఒడ్డునే గడిపింది. థ్రిల్లా, భద్రతా, ప్రకృతా అని అడిగితే చాలామంది అన్నింటికీ టిక్కు పెట్టి పోయేవారు.

"ఇవాళ ఏం తేలింది ప్రొఫెసర్ గారూ?" అని తోర్యుస్ ఏడిపించేవాడు.

"మీ అరుపులు ఎవరికీ నచ్చలేదని తేలింది."

ఐదోరోజు బెర్గెన్ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల బోర్గిల్డ్ తడిసి ముద్దయి పడవ దిగింది.

"మీరేం కోరుకుని వచ్చారండీ?"

"నా మీద ఎవరైనా అరవాలని," అందావిడ. "మా ఆయన పోయాక అందరూ నాతో గుసగుసగానే మాట్లాడుతున్నారమ్మా, గట్టిగా అంటే పగిలిపోతానేమో అన్నట్టు. ఈ అబ్బాయి మాత్రం 'తెడ్డు వెయ్యి బోర్గిల్డ్!' అని అరిచాడు. ప్రాణం లేచొచ్చింది."

సునీవా పెన్ను ఆగిపోయింది. ఆ జవాబుకు కాగితంలో గడి లేదు. నీళ్లలో అసలేం జరుగుతుందో చూడాలనిపించింది. తిన్నగా తోర్యుస్ దగ్గరికి నడిచింది.

"నన్నూ ఎక్కించుకోండి."

అతను లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తుంటే వేళ్లు తడబడ్డాయి.

"భయపడాల్సింది నేను కదా. మీకెందుకు వణుకు?"

"చలి."

"జూలైలోనా?"

మూడో మలుపులో పడవ ఎగిరిపడింది. సునీవా నీళ్లలో ఉంది! మంచు కరిగిన నీరు ఊపిరి లాగేసింది. మరుక్షణం ఒక చెయ్యి ఆమె జాకెట్ పట్టుకుని పైకి లాగింది.

పడవ నిమ్మళమైన నీటిలోకి చేరింది. తోర్యుస్ ముఖం పాలిపోయి ఉంది. పిడికిలి ఇంకా ఆమె జాకెట్ మీదే ఉంది.

"ఇప్పుడు అరవరేం?" పళ్లు టకటకలాడుతున్నా ఆమె అడిగింది.

"రోజూ ఎవరో ఒకరు పడతారు. లాగుతాను, మర్చిపోతాను. నిన్ను లాగాక మాత్రం... చెయ్యి వదలట్లేదు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు.

"నేను వదలమన్నానా?" అంది సునీవా.

పడవలో ముందు కూర్చున్న ఇద్దరు డెన్మార్క్ వాళ్లు ఈల వేశారు.

శనివారం ఆమె ఓస్లో బస్సు ఎక్కింది. పక్క సీట్లో ఇస్త్రీ చొక్కాతో తోర్యుస్.

"మీ నాన్న నన్ను ఏమడుగుతాడు?"

"ఏమీ అడగడు. కాఫీ పోస్తాడు. రెండో కప్పు పోస్తే నచ్చినట్టు."

"పొయ్యకపోతే?"

"నేను పోస్తాలే."

ఆ అవసరం రాలేదు. ఆ సాయంత్రం పెద్దాయన ఒక్క ముక్క మాట్లాడకుండా మూడు కప్పులు పోశాడు.