రంగు అడుగున మనిషి

మ్యూజియం నేలమాళిగలో ఆ గదికి కిటికీ లేదు. పగలో రాత్రో తెలిసి చావదు. భోజనం చేసొచ్చి మళ్లీ లైట్లార్పుకుని కూర్చుంది ఫొటోల అమ్మాయి. అక్కడ అందరూ ఆమెనలాగే పిలుస్తారు. వారంగా సరైన నిద్ర లేదు. నడుం పట్టేసింది, కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఎదురుగా స్టాండు మీద పాత నూనె రంగుల బొమ్మ. అందులో ఒక ఖాళీ కుర్చీ, వెనక గోడ. అంతే.

ఆ కుర్చీలో ఒకప్పుడు ఒకావిడ ఉండేదనీ, గీసినవాడే ఆమె మీద రంగు పూసి మూసేశాడనీ ఈ మ్యూజియంలోనే ముసలైపోయిన పెద్ద మేడమ్ జీవితమంతా వాదించింది. బొమ్మల చరిత్ర చదువుకున్న పెద్దలంతా నవ్విపారేశారు. ఇన్నాళ్లకి, రంగు పొరలు దాటి అడుగునున్న బొగ్గు గీతల్ని పట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వచ్చింది. బొమ్మనేమో రేపే సొంతదారులు పట్టుకుపోతారు. మేడమ్ పై అంతస్తు నుంచి ఫోన్ మీద ఫోన్. నేను పోయేలోపు చూపిస్తావా లేదా అని వేళాకోళం. గొంతులో మాత్రం వేళాకోళం లేదు.

కెమెరా బొమ్మనంతా ఒకేసారి పట్టలేదు. కాస్తకాస్త జరుగుతూ ముక్కలుగా తీస్తుంది, కంప్యూటర్ వాటిని అతికిస్తుంది. ముందు కొప్పు తేలింది. తర్వాత మెడ, భుజం. ఇటు వీపు పెట్టి కూర్చున్న ఆడమనిషి. అమ్మాయి గబగబా ఫోన్ చేసి, ఉంది మేడమ్ అంది. వెంటనే కిందికొస్తున్నానంది మేడమ్.

అక్కడితో ఆపేసుంటే సరిపోయేది. కానీ ముక్కలు అతకలేదు. పై వరసలో ఉన్న భుజం కింది వరసకొచ్చేసరికి వేలెడు పక్కకి జరిగింది. స్టాండు కదిలుంటుంది అనుకుని, తనని తానే తిట్టుకుంటూ మరలు బిగించి, మొదట్నుంచీ తీసింది. అతుకు కుదరకపోతే ఆమెకి తిన్నది అరగదు.

ఈసారి చెంప కనిపించింది.

ఇందాక వీపేగా... స్టాండు చూసింది. బిగించినది బిగించినట్టే ఉంది. నిద్ర లేక ఇలా అవుతోందనుకుని మళ్లీ మొదలెట్టింది. చీకట్లో కెమెరా గీరుకుంటూ జరుగుతోంది. టక్... టక్... ఎక్కణ్ణుంచో అవిసె నూనె వాసన. అప్పుడే కలిపిన పచ్చి రంగు వాసన. ఆ బొమ్మ ఎండి ఎన్ని తరాలైందో.

ముక్క ముక్కకీ ఆ మొహం ఇటు తిరుగుతోంది. ముక్కు. పెదవి కొస. ఒక కన్ను...

తను తీసే ప్రతి ఫొటో ఆవిడకి కదలడానికి ఇంకాస్త సందు ఇస్తోందని అప్పటికి తట్టింది. గబుక్కున మీట నొక్కి ఆపేసింది. తెర మీద ముక్కలు వాటంతటవే కలుసుకున్నాయి. ఒక్క అతుకూ తేడా రాలేదు.

కుర్చీ ఖాళీ.

పాత ఫొటోలు తెరిచింది. వాటిలోనూ ఖాళీ.

తలుపు కిర్రుమంది. మేడమ్ చేతికర్ర చప్పుడు. ఆ ముసలి ప్రాణానికి ఏమని చెప్పాలి?

"మేడమ్... పోయింది. నమ్మండి, ఇందాకటిదాకా..."

మేడమ్ తెరవైపు చూడటమే లేదు.

"పోవడమేంటమ్మా," అంది గుసగుసగా. "నీ వెనకే నిలబడిందిగా."

అమ్మాయికి మెడ తిరగలేదు. మేడమ్ తడుముకుంటూ పక్కనుంచి దాటి, చెయ్యి చాపింది. "ఎన్నాళ్లకి..." అంది.

అమ్మాయి గోడ తడిమి లైటు వేసింది. గదిలో వాళ్లిద్దరే. మేడమ్ నవ్వుతోంది. చాపిన చెయ్యి గాల్లోనే ఉంది. స్వెటర్ చేతి మీద, ఎవరో పట్టుకున్నట్టు, నాలుగు వేళ్ల వెడల్పున ముడతలు...

ఇంకా బిగుసుకుంటున్నాయి.